మంజనీటాల్లో ఏది ఏది? మొదలు చూసి, కొమ్మ చివర చూసి తేల్చుకునే పద్ధతి

శాన్‌ఫ్రాన్సిస్కో బే చుట్టూ ఉన్న కొండల్లో చలికాలం నడకకు వెళ్ళినవారికి ఎక్కడో ఒకచోట ఎర్రచందనం చెక్క రంగులో నున్నగా మెరిసే కొమ్మలు, దళసరి ఆకులు, నోరు కిందికి పెట్టి వేలాడే బుల్లి ముంతల్లాంటి పూల గుత్తులు ఉన్న పొద ఎదురవుతుంది. అది మంజనీటా అని చెప్పడానికి పెద్ద పాండిత్యం అక్కరలేదు. ఏ మంజనీటా అన్న దగ్గరే అసలు చిక్కు మొదలవుతుంది. ఆర్క్‌టోస్టాఫిలాస్ అనే ఈ ప్రజాతిలో సుమారు 60 జాతులున్నాయి, ఉపజాతులను కూడా లెక్కిస్తే సంఖ్య నూరు దరిదాపులకు చేరుతుంది, వాటిలో అత్యధిక భాగం కాలిఫోర్నియాలోనే పెరుగుతాయి. కొన్ని జాతులు రాష్ట్రం పొడవునా కనిపిస్తే, మరికొన్ని ఒక్క కొండకే పరిమితమై ఉంటాయి. స్పానిష్‌లో మంజనీటా అంటే చిన్న ఆపిల్ అని అర్థం.

ఫ్రీమాంట్, డబ్లిన్, శాన్ రమోన్ వైపు స్థిరపడిన తెలుగు కుటుంబాలకు మౌంట్ డయాబ్లో దగ్గరి కొండ కాబట్టి ఈ పోలికలో ఎక్కువ భాగం అక్కడే గడుపుతాను. ఆ తరువాత తీరప్రాంతపు కొండలను, సియెరా నెవాడా దారిని క్లుప్తంగా చూద్దాం.

ముందుగా, అది మంజనీటాయేనా?

ఒకసారి మా నాన్నగారు ఈ కొమ్మను నిమిరి "జామ మానులా ఉందే" అన్నారు. అంతకంటే మంచి వర్ణన నాకు ఇప్పటికీ దొరకలేదు. బెరడు జామకు ఊడినట్టే పలుచని పొరలుగా ఊడి, కింద నున్నని మాను బయటపడుతుంది, రంగు మాత్రం ముదురు ఎరుపు. ఇదే కుటుంబానికి చెందిన మాడ్రోన్ చెట్టు బెరడు కూడా ఇలాగే ఊడుతుంది కాబట్టి కొత్తవారు పొరబడుతుంటారు. మాడ్రోన్ ఆకు అరచేయంత పొడవుంటుంది, కాయ నారింజ ఎరుపు రంగులో గరుకుగా ఉంటుంది. మంజనీటా ఆకు సాధారణంగా రెండు అంగుళాలు దాటదు. ఎర్రని కాయలు కాసే టోయాన్ పొదకు ఆకు అంచున రంపపు పళ్ళు స్పష్టంగా ఉంటాయి, బెరడు ఊడదు. ఈ రెండింటినీ పక్కన పెట్టగలిగితే ప్రజాతి తేలినట్టే.

దేనిని నమ్మాలి, దేనిని నమ్మకూడదు

చాలామంది చూపు ముందుగా బెరడు రంగు మీదికి, పూల రంగు మీదికి, పొద ఎత్తు మీదికి పోతుంది. జాతిని తేల్చడానికి ఈ మూడూ దాదాపు పనికిరావు. బెరడు దాదాపు అన్నింటిలోనూ ఎర్రగానే ఉంటుంది, పూలు ఒకే జాతిలో తెలుపు నుంచి గులాబీ దాకా మారుతుంటాయి, ఎత్తు నేలను బట్టి, నీడను బట్టి, కిందటి కార్చిచ్చు ఎన్నేళ్ళ క్రితం వచ్చిందన్నదాన్ని బట్టి ఉంటుంది. నమ్మదగిన గుర్తులు ఇవి, నేను చూసే వరుసలోనే చెబుతాను.

మొదటిది చోటు. మీరు ఏ కొండ మీద, ఎంత ఎత్తులో ఉన్నారో తెలిస్తే అరవై పేర్లు నాలుగైదుకు దిగుతాయి. ఇది తప్పుడు దారిలా, పుస్తకం చివరి పేజీ చూసి లెక్క చేసినట్టుగా అనిపించవచ్చు గానీ, మంజనీటాల విషయంలో చోటు కూడా ఒక లక్షణమే.

రెండవది మొక్క మొదలు. కొన్ని జాతులకు నేల మట్టంలో చెక్క ముద్దకట్టినట్టు పెద్ద బుడిపె ఉంటుంది, దాని నుంచి ఒకే లావున్న కొమ్మలు గుంపుగా పైకి లేస్తాయి. కార్చిచ్చులో పైభాగం అంతా కాలిపోయినా ఆ బుడిపెలో దాగిన మొగ్గలు మళ్ళీ చిగురిస్తాయి. బుడిపె లేని జాతుల్లో ఒకటో రెండో మానులు నేరుగా నేలలోకి దిగుతాయి, కాలితే ఆ మొక్క చచ్చినట్టే, నేలలో నిల్వ ఉన్న విత్తనమే తరువాతి తరం. కాబట్టి ఇది పైపై తేడా కాదు, మొక్క బతికే పద్ధతిలోనే ఉన్న తేడా. అయితే చిన్న మొక్కల్లో బుడిపె ఇంకా ఏర్పడి ఉండదు, పెద్దవాటిలో ఆకుల పెంటలో పూడిపోయి ఉండవచ్చు. అందుకని ఒక్క మొక్కను చూసి తీర్పు చెప్పకుండా, చుట్టుపక్కల నాలుగైదింటి మొదళ్ళు చూడాలి.

మూడవది ఆకు కొమ్మకు అంటుకునే చోటు. చాలా జాతుల ఆకుకు స్పష్టమైన కాడ ఉంటుంది. కొన్నింటికి కాడ దాదాపు ఉండదు, ఆకు అడుగు రెండు చెవులుగా విడిపోయి కొమ్మను కౌగిలించుకున్నట్టు ఉంటుంది, ఆకులు ఒకదాని మీద ఒకటి కప్పుకొని వరుసగా పేర్చినట్టు ఉంటాయి. ఒకసారి చూస్తే మరచిపోలేని గుర్తు ఇది.

నాలుగవది ఆకు రెండు ముఖాలు. పత్రరంధ్రాలు రెండువైపులా ఉన్న జాతుల్లో పైముఖం, అడుగుముఖం ఒకే రంగులో కనిపిస్తాయి. అడుగున మాత్రమే ఉన్నవాటిలో పైభాగం ముదురు పచ్చగా మెరుస్తూ, కిందిభాగం పాలిపోయి ఉంటుంది. నీలగిరి చెట్టు ఆకుల్లాగే చాలా మంజనీటాల ఆకులు మధ్యాహ్నపు ఎండకు అంచు చూపిస్తూ నిలువుగా నిలబడతాయి, అలాంటప్పుడు రెండు ముఖాలకూ వెలుగు సమానంగా అందుతుంది.

అయిదవదాన్ని కొత్తవారు అసలు గమనించరు, కానీ నిపుణులు ముందుగా చూసేది దాన్నే. పూలు రాలిన కొద్ది నెలలకే వచ్చే ఏటి మొగ్గల గుత్తి కొమ్మ చివర తయారై, మళ్ళీ చలికాలం వచ్చేదాకా అలాగే వేచి ఉంటుంది. ఆ గుత్తిలో ప్రతి మొగ్గ కింద ఒక పుష్పపుచ్ఛం, అంటే మొగ్గను ఆనుకొని ఉండే మార్పు చెందిన ఆకు, ఉంటుంది. కొన్ని జాతుల్లో అది చిన్న ఆకులా వెడల్పుగా ఉంటుంది, మరికొన్నింటిలో సన్నని పొలుసులా ఉంటుంది. దీనివల్ల పూలు లేని ఎండాకాలంలోనూ, శరదృతువులోనూ మంజనీటాను గుర్తించగలం.

ఆరవది లేత కొమ్మ మీది నూగు. ఉందా లేదా, ఉంటే వెంట్రుకల కొసన జిగురు బొట్టు ఉందా అన్నది చూడాలి. దీనికి పది రెట్లు పెద్దది చేసి చూపే చేతి కటకం ఉంటే మేలు, లేకుంటే వేలితో తాకి జిగురు తెలుసుకోవచ్చు. ఏడవది కాయ. అది ఎంత పెద్దది, జిగురుగా ఉందా, లోపలి టెంకలు విడివిడిగా ఉన్నాయా లేక ఒకే గుండ్రని రాయిలా అతుక్కుపోయాయా అన్నవి చూడాలి.

మౌంట్ డయాబ్లో మీది నాలుగు

1,173 మీటర్ల ఈ కొండ మీద సాధారణంగా ఎదురయ్యే మంజనీటాలు నాలుగు (బ్రాకెట్లలో ఉన్నవి శాస్త్రీయ నామాలు): బిగ్‌బెర్రీ (గ్లాకా), మౌంట్ డయాబ్లో మంజనీటా (ఆరిక్యులాటా), ఈస్ట్‌వుడ్ (గ్లాండ్యులోసా), కాంట్రా కోస్టా (ఆర్క్‌టోస్టాఫిలాస్ మంజనీటా అనే జాతిలోని లీవిగాటా ఉపజాతి). నాలుగింటికీ ఆకు రెండు ముఖాలూ ఒకేలా ఉంటాయి కాబట్టి పైన చెప్పిన నాలుగవ గుర్తును ఈ కొండ మీద మరచిపోవచ్చు.

| గుర్తు | బిగ్‌బెర్రీ | మౌంట్ డయాబ్లో | ఈస్ట్‌వుడ్ | కాంట్రా కోస్టా |
|---|---|---|---|---|
| మొదలు | బుడిపె లేదు | బుడిపె లేదు | బుడిపె ఉంది | బుడిపె లేదు |
| ఆకు అడుగు | కాడ ఉంది | కాడ దాదాపు లేదు, చెవులున్నాయి | కాడ ఉంది | కాడ ఉంది |
| ఆకు తీరు | తెల్లని బూడిద రంగు, నున్నన | బూడిద రంగు, నూగు | పచ్చ నుంచి బూడిద పచ్చ | మెరిసే పచ్చ, నున్నన |
| పుష్పపుచ్ఛం | పొలుసు వంటిది | ఆకు వంటిది | ఆకు వంటిది | పొలుసు వంటిది |
| కాయ | 12–15 మి.మీ., జిగురు, ఒకే రాయి | చిన్నది | చిన్నది | 8–12 మి.మీ., నున్నన |

పట్టికను నిలువుగా కంటే జంటలుగా చదివితే ఎక్కువ ఉపయోగం. పొరపాటు పడేది బూడిద రంగు ఆకులున్న రెండింటి మధ్య, పచ్చ ఆకులున్న రెండింటి మధ్య.

బూడిద జంటను విడదీయడం సులువు. దూరం నుంచి బిగ్‌బెర్రీ, డయాబ్లో మంజనీటా రెండూ విభూతి పూసినట్టు తెల్లగా కనిపిస్తాయి. దగ్గరికి వెళ్ళి ఒక ఆకును తొడిమ వైపు చూడండి. కాడ కనిపించి, ఆకు మీది తెలుపు నూగు కాక, వేలితో రాస్తే చెరిగే మైనపు పూత అయితే అది బిగ్‌బెర్రీ. కాడ కనిపించకుండా, ఆకు చెవులు కొమ్మను పట్టుకొని, లేత కొమ్మంతా తెల్లని పొడుగు వెంట్రుకలతో నిండి ఉంటే అది డయాబ్లో మంజనీటా. ఈ రెండవది ప్రపంచంలో ఈ కొండ, దాని పరిసరాలు తప్ప మరెక్కడా సహజంగా పెరగదు, అదీ ఎక్కువగా ఇసుకరాతి నేలల మీద, దిగువ వాలుల్లోనే. ఉత్తరాన ఉన్న బ్లాక్ డైమండ్ మైన్స్ వనంలోనూ దీన్ని చూడవచ్చు. శిఖరానికి దగ్గరలో బూడిద ఆకు కనిపిస్తే మాత్రం బిగ్‌బెర్రీ అని మొగ్గడమే సబబు. మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా నుంచి పైకి వచ్చే ఈ జాతికి డయాబ్లో పరిసరాలే ఉత్తరపు సరిహద్దు.

ఎండాకాలంలో వెళ్ళేవారికి బిగ్‌బెర్రీ విషయంలో కాయే సాక్ష్యం. చిన్న రేగుపండంత ఉండే ఆ కాయ వేళ్ళకు అంటుకుంటుంది. మిగతా మంజనీటాల కాయను నలిపితే టెంకలు ముక్కలుగా విడిపోతాయి లేదా కనీసం విడిపోయేలా కనిపిస్తాయి, దీని లోపల మాత్రం అన్నీ అతుక్కుపోయి గోళీలాంటి ఒకే రాయి మిగులుతుంది. రాష్ట్ర ఉద్యానవనంలో మొక్క నుంచి ఏదీ తుంచకూడదు, కింద రాలి ఉన్న ఒక్క కాయను అక్కడికక్కడే చూసి అక్కడే వదిలేస్తే చాలు.

పచ్చ జంట కాస్త ఓపిక అడుగుతుంది. ఈస్ట్‌వుడ్ మంజనీటా ఆరెగాన్ నుంచి బాహా దాకా వ్యాపించిన జాతి, ఎన్నో ఉపజాతులు. ఆకు రంగు, నూగు, జిగురు అన్నీ మారుతూ ఉంటాయి కాబట్టి వాటిలో ఏ ఒక్కదాన్నీ ఆధారంగా తీసుకోకూడదు. దానిలో మారనిది బుడిపె. సాధారణంగా మనిషి ఎత్తు లేదా అంతకంటే కొద్దిగా ఎక్కువగా, మొదట్లో గుంపుగా లేచిన కొమ్మలతో, మొగ్గల గుత్తిలో ఆకుల్లాంటి పుచ్ఛాలతో ఉంటుంది. కాంట్రా కోస్టా మంజనీటా చిన్న చెట్టులా ఎదుగుతుంది, ఆకు నూనె రాసినట్టు మెరుస్తుంది, కొమ్మకు నూగు ఉండదు, పుచ్ఛాలు పొలుసులు. బుడిపె కనిపించని సందర్భంలో పుచ్ఛమే తీర్పు చెబుతుంది. నా మటుకు నేను ఈ జంట దగ్గర పుచ్ఛాన్ని చూడకుండా ఎప్పుడూ పేరు రాయను, ఎందుకంటే కాలిన తరువాత పెరిగిన పొదల్లో ఎత్తును నమ్మి తప్పు పేరు రాసిన అనుభవం ఉంది.

కాలిన చోటు కూడా ఒక పాఠమే. 2013 సెప్టెంబరులో మోర్గాన్ కార్చిచ్చు ఈ కొండ మీద 3,100 ఎకరాలకు పైగా దహించింది. అలాంటి చోట నల్లగా మాడిన మోడు అడుగు నుంచి చిగుళ్ళు లేచిన మొక్క కనిపిస్తే ఈ నాలుగింటిలో అది ఈస్ట్‌వుడ్. మోడు మోడుగానే నిలబడి, చుట్టూ ఒకే ఈడు మొలకలు లేచి ఉంటే అది మిగతా మూడింటిలో ఏదో ఒకటి.

తీరం వైపు కొండలు

ఓక్‌లాండ్ పైనున్న హకిల్‌బెర్రీ వనంలోనూ, శాంటా క్రూజ్ పర్వతాల్లోనూ పోలిక వేరుగా సాగుతుంది. సముద్రపు పొగమంచు తగిలే ఈ నేలల్లో క్రస్టేసియా జాతి విస్తారంగా ఉంటుంది. దానికి బుడిపె ఉంటుంది, ఆకుకు కాడ ఉంటుంది, అన్నిటికంటే ముఖ్యంగా ఆకు పైముఖం ముదురు పచ్చగా, అడుగు పాలిపోయి ఉంటుంది. డయాబ్లో మీద పనికిరాని నాలుగవ గుర్తు ఇక్కడ మొదటి గుర్తు అవుతుంది.

ఓక్‌లాండ్ కొండల్లో దీనికి పక్కనే ఉండేది పాలిడా. బుడిపె లేదు, ఆకులు చెవులతో కొమ్మను పట్టుకొని ఒకదానిపై ఒకటి కప్పుకుంటాయి. శాంటా క్రూజ్ పర్వతాల్లో ఆ స్థానం ఆండర్సనీది. దానికీ చెవులున్నాయి, దానికీ బుడిపె లేదు, అయితే కొమ్మల మీద జిగురు బొట్లున్న ముతక వెంట్రుకలు ఉంటాయి, కాయ కూడా జిగురే. పాలిడా, ఆండర్సనీ, డయాబ్లో మంజనీటా మూడింటినీ ఫొటోలు పక్కపక్కన పెట్టి విడదీయమంటే కష్టమే. కానీ మూడూ మూడు వేరు వేరు కొండల్లో ఉన్నాయి కాబట్టి అడవిలో ఆ కష్టం రాదు. చోటును మొదటి గుర్తుగా పెట్టింది ఇందుకే.

పాలిడాను 1998లో సమాఖ్య ప్రభుత్వం ముప్పులో ఉన్న జాతిగా ప్రకటించింది. వేరును కుళ్ళబెట్టే ఫైటోఫ్తోరా అనే సూక్ష్మజీవి బూట్లకు అంటిన మట్టితో ఒక చోటు నుంచి మరో చోటుకు వెళుతుంది. దీన్ని చూడడానికి వెళ్ళేవారు ముందే బూట్లు కడుక్కోవాలి, దారి దిగకూడదు. మొదలు చూడాలన్న ఉత్సాహంతో పొదలోకి దూరడం కంటే, దారి నుంచి ఆకు చెవులు చూసి తృప్తి పడడం మంచిది.

శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలోని రెండు అరుదైన మంజనీటాలను మాత్రం పోల్చే ప్రయత్నమే వద్దు. రేవెన్స్ మంజనీటాకు సహజంగా మిగిలింది ప్రెసీడియోలోని ఒకే ఒక్క మొక్క. ఫ్రాన్సిస్కన్ మంజనీటా అడవిలో అంతరించిందనే అనుకున్నారు. 2009లో గోల్డెన్ గేట్ వంతెన దగ్గర రహదారి పనుల కోసం చెట్లు కొట్టినప్పుడు ఒక్క మొక్క బయటపడింది, 2010 జనవరిలో దాన్ని వేళ్ళతో సహా పెకలించి వేరేచోట నాటారు. ఆ చోట్లను రహస్యంగా ఉంచారు.

సియెరా దారిలో

లేక్ టాహో వైపు 50వ నెంబరు రహదారి మీద ఎక్కుతున్నవారికి మూడు జాతులు ఎత్తు ప్రకారం వరుసగా వస్తాయి. దిగువ కొండల్లో తెల్లని ఆకుల విసిడా ఉంటుంది, దానికి బుడిపె ఉండదు. పైకి వెళ్ళేకొద్దీ నిగనిగలాడే పచ్చని గుండ్రటి ఆకులు, లేత కొమ్మ మీద కటకంలో బంగారు చుక్కల్లా కనిపించే గ్రంథులు ఉన్న పాటులా మొదలవుతుంది. చలికాలంలో మంచు బరువుకు దీని కొమ్మలు నేలకు వంగుతాయి. ఇంకా పైన, మోకాలి ఎత్తు కూడా లేకుండా చాపలా పరుచుకొని, ఆకు కొసన చిన్న ముల్లులాంటి మొన ఉన్నది నెవాడెన్సిస్. ఇక్కడ తికమక తక్కువ, ఒక్క మధ్య ఎత్తుల్లో తప్ప. అక్కడ ఆకు బూడిదగా ఉండి మొదట్లో బుడిపె కూడా ఉంటే మెవుక్కా అనే జాతిని గుర్తుచేసుకోవాలి. అది విసిడా, పాటులాల కలయిక నుంచి పుట్టి ఉంటుందని వృక్షశాస్త్రజ్ఞులు భావిస్తారు.

ఎవరికి ఏ పద్ధతి

చేతిలో ఫోన్ తప్ప మరేమీ లేనివారు యాప్ చెప్పిన పేరును సూచనగానే తీసుకోవాలి. యాప్‌కు మనం ఇచ్చేది సాధారణంగా ఒక పూల గుత్తి ఫొటో, పూలేమో అన్ని జాతుల్లోనూ దాదాపు ఒకేలా ఉంటాయి. మొదలు ఒకటి, ఆకు కొమ్మకు అంటిన చోటు ఒకటి, తిప్పిన ఆకు అడుగు ఒకటి, కొమ్మ చివరి మొగ్గల గుత్తి ఒకటి, కాయ దొరికితే కాయ ఒకటి తీసి, చోటుతో సహా ఐనాచురలిస్ట్‌లో (మొక్కల, జంతువుల ఫొటోలు పంచుకునే వెబ్ వేదికలో) పెడితే తెలిసినవారు పేరు చెప్పడానికి ఆస్కారం ఉంటుంది. పిల్లలతో వెళ్ళేవారికి నా సలహా రెండే ప్రశ్నలు: ఆకుకు చెవులున్నాయా, కింద బుడిపె ఉందా? డయాబ్లో మీద ఈ రెండింటితోనే నాలుగింట్లో రెండు తేలిపోతాయి. బడిపిల్లలు దీన్ని ఆటలా ఆడగలరు.

ఏ కాలంలో వెళ్ళాలో ఎంచుకునే వీలున్నవారు డిసెంబరు నుంచి మార్చి దాకా పూల కోసం వెళ్ళవచ్చు, అది చూడముచ్చటైన కాలం. గుర్తింపు కోసమే అయితే నేను ఆగస్టు, సెప్టెంబరులను ఎంచుకుంటాను. అప్పుడు కాయలూ, వచ్చే ఏటి మొగ్గలూ ఒకేసారి దొరుకుతాయి. ఎండ తీవ్రత, కార్చిచ్చు హెచ్చరికలు ఆ కాలానికి చెల్లించవలసిన ధర.

కచ్చితమైన పేరు కావలసినవారు బర్కిలీలోని జెప్సన్ హెర్బేరియం (ఎండబెట్టిన మొక్కల నమూనాల భండారం) ఆన్‌లైన్‌లో ఉంచిన గుర్తింపు సోపానాన్ని వాడాలి. అందులో ప్రశ్నలు దాదాపు పైన చెప్పిన గుర్తుల చుట్టే తిరుగుతాయి. చేతి కటకం, ఓపిక రెండూ కావాలి. పెరట్లో నాటుకోవాలనుకునేవారికి ఈ తంటా ఏమీ అక్కరలేదు. అనుమతి లేకుండా అడవి మొక్కను తవ్వడం చట్టవిరుద్ధం, పైగా అది బతకడం అరుదు. స్థానిక మొక్కల నర్సరీల్లో హోవర్డ్ మెక్‌మిన్ వంటి పెంపకపు రకాలు పేరు చీటీతోనే దొరుకుతాయి.

చివరికి ఏ పేరూ పూర్తిగా అతకని మొక్కలు కొన్ని మిగులుతాయి. మంజనీటా జాతులు ఒకదానితో ఒకటి సులువుగా కలుస్తాయి. కాడ సగం, చెవులు సగం ఉన్న ఆకుతో, రెండు జాతులూ పక్కపక్కనే పెరిగే వాలులో ఒక పొద కనిపిస్తే దాన్ని బలవంతంగా ఒక పెట్టెలో వేయడం కంటే, దగ్గరలో ఉన్న రెండు జాతుల పేర్లూ, ఏ లక్షణం దేనివైపు మొగ్గుతోందో రాసుకొని, పేరు దగ్గర ఆర్క్‌టోస్టాఫిలాస్ అని మాత్రమే నమోదు చేయాలి. నా పాత నోటుపుస్తకాల్లో డయాబ్లో నడకలకు సంబంధించిన పేజీల్లో అలాంటి నమోదులే ఎక్కువ.